ఏసోబు మెరక మీద టముకు

మరియమ్మ దోసపాదుల్లో వంగి కాయలు తడిమి చూసుకుంటూ ఉండగా గొలుసు ఈడ్చుకొస్తున్న చప్పుడైంది. నడుమెత్తి చూసింది. చోడిచేను మధ్యనుంచి కరణం జోగారావుగారి మనుషులిద్దరు కొలతగొలుసు లాక్కుంటూ వస్తున్నారు. వెనకాల గొడుగు నీడన కరణంగారు, ఆయన పక్కన వెంకట్రాజుగారు. రాజుగారి పాలేరు వెదురుకొయ్యల కట్ట చంకన పెట్టుకుని, కరణంగారు వేలు చూపించిన చోటల్లా ఒక కొయ్య దిగేస్తున్నాడు. ఒకటి సరిగ్గా మరియమ్మ పాదు మొదట్లో దిగింది. అప్పుడే పండుబారుతున్న దోసకాయ ఒకటి వాడి మడమ కింద పడి చితికింది.

"కరణంగారూ! ఏంటండీ ఇది? పాదు తొక్కేస్తున్నారండీ!"

జోగారావుగారు వినిపించుకోనట్టే రెండడుగులు వేసి, ఆవిడ వదిలేలా లేదని తోచాక ఆగారు. ఆయన చెడ్డవాడని ఆ ఊళ్ళో ఎవరూ అనరు. చేతికి వచ్చిన కాగితం మీద చేయవలసింది చేసి, ఆ పైన మనుషుల సంగతి మనుషులు చూసుకుంటారని నిశ్చింతగా ఉండే తత్వం.

"రాజుగారు ఈ భూమికి దరఖాస్తు పెట్టుకున్నారు. పట్టా ఆయనకొస్తుంది. హద్దులు చూస్తున్నాం. నీకేం పోయింది?"

"మాకేం పోయిందాండీ? ఇది ఏసోబు మెరక గదండీ!"

నత్తలపాడుకి దిగువన కొల్లేరు. వానాకాలమంతా ఈ మెరక నీళ్ళలో మునిగి ఉంటుంది. నీళ్ళు వెనక్కి తీశాక మిషను గుడి పేటలోవాళ్ళు దిగి, నాచు ఎత్తిపోసి, గట్లు సరిచేసుకుని చోళ్ళూ పెసలూ దోసా పెడతారు. మొదట అక్కడ గట్టు వేసినవాడు మరియమ్మ పెనిమిటి సీమోనుకి తాత, ఏసోబు. కోతలయ్యాక ఊళ్ళో కూలి పనులుండవు. మళ్ళీ ఊడ్పులు వచ్చేదాకా పేటలో పొయ్యి వెలిగేది ఈ మెరక మీదే. పట్టా లేదు కనక ఏటా సర్కారుకి జుల్మానా కట్టి దున్నుకుంటారు. ఆ జుల్మానా వసూలు చేసే చెయ్యి కూడా జోగారావుగారిదే.

"టముకు వేయించాం. అభ్యంతరాలుంటే చెప్పుకోమని గడువిచ్చాం. ఒక్కడూ రాలేదు" అన్నారాయన.

"ఎప్పుడు వేయించారండీ? మా చెవిన పడలేదే!"

"వేసింది మీ మరిదేగా! పోయి వాణ్ణే అడుగు."

వెంకట్రాజుగారు నెమ్మదస్థుడు. గొంతు పెంచి ఎరగడు. "ఈ పంట మీరే కోసుకోండమ్మా. నేనేం అడ్డు రాను. వచ్చే యేటినించి మావాళ్ళు దిగుతారు" అని, చితికిన దోసకాయని కాలితో పక్కకి నెట్టి, గొడుగు వెంట నడిచాడు. తిట్టి ఉంటే మరియమ్మ కూడా తిట్టి ఉండును. మంచి మాట అనేసరికి ఏం చేయాలో తోచక పాదులో అలాగే నిలబడిపోయింది. 

మరిది అబ్బులు ఇంటిముందు గడ్డిమంట వేసుకుని టముకు చర్మం కాస్తున్నాడు. అతడు ఊరి వెట్టివాడు. మునసబు పిలిచినా కరణం పిలిచినా పరిగెత్తడం, వచ్చిన అధికారి పెట్టె మోయడం, సర్కారు మాట ఊరికి టముకు వేసి చెప్పడం అతని పని. ఆ మూడో పని అతనికి ప్రాణం. గొంతు విప్పాడంటే చావిడి దగ్గర అరిచింది రేవు అవతలికి వినిపిస్తుంది. ఆ గొంతుని చూసుకుని మరియమ్మే మొన్నమొన్నటిదాకా మురిసిపోయేది.

"అబ్బులూ, మెరక సంగతి టముకు వేశావంట?"

"మెరకా? ఏ మెరక వదినా?"

"ఈమధ్య వేసిందేదో చెప్పు. ఎట్టా వేశావో అట్టాగే చెప్పు."

అబ్బులు మొహం వెలిగింది. లేచి, పంచె సర్దుకుని, చర్మం మీద పుల్లతో గబగబా దరువు వేసి అందుకున్నాడు. "ఇందుమూలముగా యావన్మంది రైతులకూ తెలియజేయడమేమనగా! సర్వే నంబరు మున్నూట పదకొండు, అసెస్డు వేస్టు, దరఖాస్తు మీద పట్టాకు ఇవ్వదలచినారు. అభ్యంతరములు గలవారు పక్షము దినములలోగా ఏలూరు తాలూకా కచేరీలో దాఖలు చేసుకోవలెను హో!"

ఒక్క అక్షరం తప్పు పోలేదు. తప్పు పోతే కరణంగారు ఊరుకోరు మరి.

"మున్నూట పదకొండు అంటే ఏదో తెలుసా నీకు?"

"నాకెందుకు తెలుస్తాది? ఆయన నోట ఎట్టా వస్తే అట్టా పట్టుకుని అరుస్తాను. ఎవరో రైతుల గొడవనుకున్నాను."

"అది మన ఏసోబు మెరక, అబ్బులూ."

పుల్ల అతని చేతిలోంచి జారి మంటలో పడింది. దాన్ని తీసుకోవాలని కూడా తోచలేదు. నాలుగు వీధులూ తిరిగి, చావిడి దగ్గర ఆగి, ఒళ్ళు తెలియకుండా గొంతెత్తి, తన తాత భూమి పోతోందని తానే అరిచాడు. అరిచి, మునసబుగారి అరుగు దగ్గర ఎవరో బాగుందిరా అంటే నవ్వుకుంటూ ఇంటికొచ్చి అన్నం తిన్నాడు.

"పేటలో ఎందుకు వెయ్యలేదు?"

"పేటలో ఎప్పుడేశాను వదినా?"

అదీ నిజమే. టముకు ఊరి వీధుల్లో మొదలై చావిడి దగ్గర అయిపోతుంది. పేటలో వేసే ఆచారం లేదు. టముకు వేసేవాడే పేటవాడు, వాడికి తెలిస్తే పేటకి తెలిసినట్టేనని లెక్క. మామూలుగా ఆ లెక్క తప్పదు కూడా. కాలవ కట్టేస్తారనో, మశూచి టీకాలవాళ్ళు వస్తున్నారనో అబ్బులు సాయంత్రం గంజి తాగుతూ చెప్పేవాడు, ఆ మాట తెల్లారేసరికి ప్రతి గడపా తొక్కేది. ఈసారి అతనికే తెలియలేదు, ఇక చెప్పేదేముంది?

"గడువెప్పటికి?"

అబ్బులు వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుని, "సోమవారంతో సరి" అన్నాడు. అని, తల మీద చేతులు వేసుకుని కూలబడ్డాడు. "నన్ను తన్నండి వదినా. నన్ను తన్నినా పాపం లేదు."

"తన్నడానికి తర్వాత తీరిక చేసుకుంటాను గాని, ముందా కాగితం ఎక్కడుందో చెప్పు" అంది మరియమ్మ.

కాగితం ఏలూరులో ఉంది. ఏలూరు కొత్త జిల్లాకి ముఖ్యపట్టణమై పదేళ్ళు దాటింది. కచేరీలు పెరిగాయి, కచేరీల ముందు చెట్ల కింద అర్జీలు రాసేవాళ్ళు పెరిగారు. మరియమ్మ శుక్రవారం పొద్దున్నే ఉపదేశి సత్యవేదంగారిని లేవదీసి, భీమడోలు స్టేషనుకి నడిపించి రైలెక్కించింది. పేటలో గుడి నడిపేదీ, బడి నడిపేదీ సత్యవేదంగారే. చదువుకున్నవాడు, మెత్తనివాడు. సర్కారు కచేరీ గుమ్మం చూస్తే ఆయన ఒక అడుగు వెనకే ఆగిపోతాడు. బడికి వచ్చే గ్రాంటు ఆ గుమ్మాలమీదుగానే వస్తుందని ఆయన భయం.

"మాటలు నువ్వే మాట్లాడమ్మా. చదవాల్సి వస్తే నేను చదువుతాను" అన్నాడు రైల్లో. చదివే పని పడుతుందనే అప్పటికి ఇద్దరి నమ్మకం.

తాలూకా కచేరీలో గుమాస్తా ఒకాయన ఎదర నిలబడేసరికి మధ్యాహ్నమైంది. ఆయన కలం చెవిలో దోపుకుని, వచ్చిన పనేమిటన్నాడు.

"నత్తలపాడులో టముకు వేయించిన నోటీసు చూపించండి బాబూ. మున్నూట పదకొండో నంబరుది."

"నువ్వు పట్టాదారువా?"

"కాదండీ."

"పక్క పొలం పట్టాదారువా?"

"కాదండీ."

"అయితే నీకు చూపించాల్సిన పనిలేదు."

"పోనీ, ఆ నంబరు మా ఏసోబు మెరకేనా కాదా, అదొక్కటి చెప్పండి. కరణంగారి నోటిమాటే గాని కాగితం చూడలేదండి."

"ఏసోబులూ గీసోబులూ మా పటంలో ఉండరు. పటం చూస్తే గాని చెప్పలేం. పటం సంబంధం ఉన్నవాళ్ళకే చూపిస్తాం."

"సంబంధం ఉందో లేదో ఆ పటం చూస్తేనే గదండీ తెలిసేది?"

పక్క బల్లదగ్గర గుమాస్తా ఫక్కుమన్నాడు. ఈయనకి కూడా నవ్వొచ్చింది గాని, వెంటనే మొహం బిగించుకున్నాడు. సత్యవేదంగారు వెనకనుంచి పమిట చెంగు పట్టుకుని లాగుతున్నాడు. మరియమ్మ చెంగు విడిపించుకుంది.

"ఊరికి టముకు వేశారా లేదా?" అన్నాడు గుమాస్తా.

"వేశారండి. నంబరు అరిచారండి. బాబూ, ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. తమ ఇంటిముందు ఎవరో నిలబడి, నూటిరవయ్యో నంబరు వేలమేస్తున్నాం అని అరిచి పోయారనుకోండి. లోపల పొయ్యి దగ్గరున్న అమ్మగారికి అది తమ ఇల్లేనని తెలుస్తుందాండీ?"

 గుమాస్తా అద్దె ఇంట్లో ఉంటున్నాడో, సొంత ఇంట్లో ఉంటున్నాడో గాని, ఆ మాట ఎక్కడో తగిలింది. కలం చెవిలోంచి తీసి, మళ్ళీ పెట్టుకుని, గొంతు తగ్గించి అన్నాడు. "చూడమ్మా. ఇక్కడ నా చేతిలో ఏమీ లేదు. జమాబందీ లెక్కలు చూసే డిప్యూటీ కలెక్టరుగారు తాడేపల్లిగూడెంలో పని ముగించుకుని సోమవారం భీమడోలు వస్తున్నారు. మీ ఊరి లెక్కలన్నీ అక్కడికే వస్తాయి. మొరపెట్టుకుంటే అక్కడే పెట్టుకో."

తిరుగు రైలు సగం దూరం వచ్చింది. సత్యవేదంగారు, "ఆదివారం గుళ్ళో దీనికోసం ప్రార్థన చేద్దాం" అన్నాడు.

"ప్రార్థన చెయ్యండి. దాంతోపాటు సంగతి కూడా చదివి వినిపించండి. సోమవారం నేనొక్కదాన్నే పోతే పిచ్చిదంటారు. పేటంతా రావాలి."

"గుళ్ళో సర్కారు సంగతులా? బాగుండదమ్మా. మిషనువాళ్ళు ఏమనుకుంటారో! బడి గ్రాంటు..."

మరియమ్మ మొహం కిటికీ వైపు తిప్పుకుంది. 

ఇంటికొచ్చి చెబితే సీమోను కూడా తల అడ్డంగా ఊపాడు. రాజుగారితో పెట్టుకుంటే రేపు ఊడ్పులకి ఎవరు పిలుస్తారని అతని బాధ. అబద్ధమేం కాదు. ఇంటింటికీ తిరిగి చెబుదామా అంటే సగంమంది మగవాళ్ళు కొల్లేట్లో వేటకి పోయి ఆదివారానికి గాని రారు. మరియమ్మ శనివారమంతా మెరక మీద పని చేసింది. కొయ్యలు పీకలేదు. పీకితే తప్పు తనమీదికే వస్తుందని తెలుసు. కొయ్య చుట్టూ కలుపు తీసి, తెగిన తీగని మట్టిలో కప్పి, నీళ్ళు పోసింది.

ఆదివారం గుడి నిండింది. వేటనుంచి వచ్చినవాళ్ళు తడి తలలతోనే కూర్చున్నారు. ఆడవాళ్ళు ఎడమపక్క, మగవాళ్ళు కుడిపక్క. పాటలయ్యాయి, వాక్యమయింది. ఆ పైన ప్రకటనలు. ఆ పేటలో పెళ్ళి కుదిరితే వరసగా మూడు ఆదివారాలు గుళ్ళో చదివి వినిపిస్తారు. ఎవరికి ఏ అడ్డు తెలిసినా అందరిముందూ చెప్పుకోవచ్చు. ఎవరూ చెప్పరు. చెప్పిన రోజు ఆ పేట పుట్టి ఎరగదు. ఆ కాస్సేపూ పెళ్ళికూతురు తల వంచుకోవడం, తోటి పిల్లలు మోచేత్తో పొడవడం, అదో ముచ్చట.

సత్యవేదంగారు కాగితం విప్పాడు. "నత్తలపాడు కాపురస్థురాలు ప్రభావతి కుమార్తె విక్టోరియాకును, చిరంజీవి అహరోనుకును పరిశుద్ధ వివాహము జరుగనైయున్నది. ఇందుకు ఎవరికైనను అభ్యంతరము ఉన్నయెడల ఇప్పుడే తెలుపవలెను. ఇది రెండవ ప్రకటన."

మరియమ్మ లేచి నిలబడింది.

గుడి గుడంతా ఉలిక్కిపడింది. పెళ్ళికూతురు తల గభాలున పైకి లేచింది. దాని తల్లి ప్రభావతి లంకించుకుంది. "ఓసి నీ దుంపతెగ! నా పిల్లలో ఏం తప్పు చూశావే? నీ ఇంట్లో ఉప్పు తిన్నామా, నీ గడప తొక్కామా..." మగవాళ్ళ పక్కనుంచి అహరోను కూడా సగం లేచాడు.

"పెళ్ళికి కాదు వదినా, కూర్చో. నీ పిల్ల బంగారం" అంది మరియమ్మ. చెంగు నడుముకి బిగించుకుంది. "పెళ్ళికి మూడు ఆదివారాలు చదువుతారు. ఫలానావాళ్ళ పిల్ల, ఫలానావాళ్ళ పిల్లాడు అని పేరు పెట్టి చదువుతారు. ఎందుకు? ఎవరూ తరవాత తెలీదనకూడదని. పిల్లకి నంబరు పెట్టి, ఇన్నో నంబరు పిల్లకి ఇన్నో నంబరు పిల్లాణ్ణి ఇస్తున్నాం అంటే మనలో ఎవరికైనా తెలుస్తుందా? మన ఏసోబు మెరకకి అట్టా చేశారు. నంబరు పెట్టి, మన వాడలోకి రాకుండా, మన అబ్బులు చేతే అరిపించి, వెంకట్రాజుగారికి ఇచ్చేస్తున్నారు. రేపటితో గడువు సరి. నాకు అభ్యంతరం ఉంది. మీకు లేకపోతే లేదని చెప్పండి, నేనూ కూర్చుంటాను."

 అబ్బులు మగవాళ్ళ వెనక గోడకి ఆనుకుని మోకాళ్ళలో తల పెట్టుకున్నాడు. సత్యవేదంగారు చేతిలో కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. దేవుడి పటం వైపు ఒకసారి చూశాడు. మరియమ్మని కూర్చోమంటాడని అందరూ అనుకున్నారు, ఆయన కూడా అదే అనబోయినట్టున్నాడు. నోరు తెరిచేసరికి వేరే మాట వచ్చింది.

"నత్తలపాడు పేటవారు తరతరములుగా సాగుచేసికొనుచున్న ఏసోబు మెరకను వెంకట్రాజుగారికి పట్టా ఇయ్యనైయున్నారు" అన్నాడు, పెళ్ళి ప్రకటన చదివే ఆ గొంతుతోనే. "ఇందుకు ఎవరికైనను అభ్యంతరము ఉన్నయెడల ఇప్పుడే తెలుపవలెను."

ముందు ప్రభావతి లేచింది. కోపం మొహం మీద అలాగే ఉంది గాని, లేచింది. తరవాత సీమోను లేచాడు. ఆ తరవాత ఎవరు ఎప్పుడు లేచారో మరియమ్మకి కనబడలేదు, కళ్ళనిండా నీళ్ళు.

సోమవారం ఎండ ఎక్కకముందే పేటంతా కాలవగట్టు పట్టుకుని భీమడోలు నడిచింది. మామిడితోపులో డేరా వేశారు. నాలుగైదు ఊళ్ళ కరణాలు దస్త్రాల మూటలు విప్పుకుని కూర్చున్నారు. రైతులు చెప్పులు బయట విడిచి గుంపులుగా నిలబడి ఉన్నారు. డిప్యూటీ కలెక్టరుగారు పొట్టిమనిషి, చెమటకి కోటు గుండీలు విప్పుకుని విసుగ్గా ఉన్నారు. ఆయనకి నత్తలపాడు మీద ప్రేమా లేదు, పగా లేదు. భోజనం వేళకి ముగించాలని మాత్రం ఉంది.

వంతు వచ్చాక మరియమ్మ చెప్పుకుంది. ఆయన సగంలోనే చెయ్యెత్తి, కరణంగారివైపు తిరిగారు. "టముకు వేయించారా?"

"రూలు ప్రకారం వేయించామండి. వెట్టివాడి వేలిముద్ర ఉందండి" అన్నారు జోగారావుగారు, కాగితం ముందుకు జరిపి.

"వాడేడీ?"

అబ్బులు వచ్చి నిలబడ్డాడు. వెనకనుంచి ఎవరో, వెయ్యలేదని చెప్పరా అని గొణిగారు. ఆ మాట అంటే గడువు చెల్లదు, మెరక దక్కుతుంది.  అబద్ధం చెప్పమని మరియమ్మ అనలేదు. చెప్పొద్దని కూడా అనలేదు.

"వేశానండి" అన్నాడు అబ్బులు.

"ఏమని వేశావు?"

అబ్బులు ఊపిరి పీల్చుకుని అందుకున్నాడు. డేరా గుడ్డ అదిరింది. అవతల మేస్తున్న గుర్రం తలెత్తింది. "...దాఖలు చేసుకోవలెను హో!" దగ్గరికి వచ్చేసరికి అతని గొంతు పగిలింది. ఆ గొంతు పగలడం ఊరివాళ్ళు ఎన్నడూ వినలేదు.

"మున్నూట పదకొండంటే ఏ భూమిరా?"

"అప్పుడు తెలీదండి. తెలిస్తే నాలిక కోసుకుందునండి."

ఆయన కనుబొమ్మలు ముడిపడ్డాయి. డేరాలో నిలబడ్డ నత్తలపాడు రైతులవైపు చూసి, "మీరందరూ టముకు విన్నారా?" అన్నారు. విన్నామన్నారు. "ఏ భూమో మీలో ఎవరికి తెలిసింది?"

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు వరసలో కనకరత్నమ్మగారు ఉంది. పెనిమిటి పోయాక తన పొలం తానే చేయించుకుంటున్న పెద్దరైతు, ఎవరికీ జంకదు. "మా పొలానిదే ఏ నంబరో నాకు తెలియదండి. కరణంగారు వేలు వెయ్యమన్నచోట వేస్తాను" అంది. ఎవరో నవ్వబోయారు. ఆవిడ నవ్వలేదు. తన మాట తన చెవినే అప్పుడే పడ్డట్టు తన బొటనవేలి వైపు చూసుకుంది.

డిప్యూటీ కలెక్టరుగారు జేబుగడియారం చూసుకున్నారు. "పేటలో వేయించారా కరణంగారూ?"

"ఆచారం లేదండి..."

"ఆచారం సంగతి కాదు నేనడిగింది. సాగులో ఉన్నవాళ్ళు వాళ్ళు. మళ్ళీ నోటీసు వెయ్యండి. నంబరుతో పాటు వాడుకపేరూ, నాలుగు హద్దులూ చెప్పించండి. పేటలోనూ వేయించండి. అంతవరకూ పట్టా ఆపండి. అభ్యంతరం ఉన్నవాళ్ళ వాఙ్మూలం ఇక్కడే ఇప్పుడే తీసుకోండి." ఆయన వెంకట్రాజుగారివైపు చూడనైనా చూడలేదు, మరియమ్మవైపూ చూడలేదు. పక్క ఊరి దస్త్రం లాక్కున్నారు.

మెరక దక్కిందని ఎవరూ చెప్పలేదు. ఆ సంగతి మరియమ్మకి తెలుసు. రాజుగారి దరఖాస్తు అలాగే ఉంది, ఆయనా అలాగే గొడుగు మడిచి పట్టుకుని నెమ్మదిగా నిలబడి ఉన్నాడు. కాని సోమవారం గడిచిపోతున్నా గడువు మాత్రం పోలేదు. అంతవరకు అది గెలుపే.

జోగారావుగారు మామిడిచెట్టు కింద చాప వేయించుకుని, కలం ముంచి గబగబా రాశారు. నాలుగు పంక్తులు రాసి, ఇసక చల్లి, సిరా అద్దిన గుడ్డ మరియమ్మ వైపు తోశారు. "ఇక్కడ వేలు వెయ్యి."

మరియమ్మ వెనక పేటంతా వరసకట్టి ఉంది. ఊరి రైతులు వాళ్ళ వాళ్ళ లెక్కల కోసం పక్కన ఇంకో వరస. మరియమ్మ బొటనవేలు గుడ్డదాకా పోయి ఆగింది.

"ఏం రాశారో చదవండి బాబూ."

"నువ్వు చెప్పిందే రాశాను. వెయ్యి, అవతల ఇంతమంది ఉన్నారు."

"చదవండి. విని వేస్తాను."

జోగారావుగారు డేరావైపు చూశారు. అక్కడినుంచి ఎవరూ అడ్డుపడలేదు. ఆయన కాగితం చేతికి తీసుకుని చదివారు. నత్తలపాడు కాపురస్థురాలు సీమోను భార్య మరియమ్మ, మున్నూట పదకొండు నంబరు విషయమై...

"పేరు రాయలేదండీ."

ఆయన ఏమీ అనకుండా కలం ముంచి, పంక్తిమీద పంక్తి ఇరికించి, ఏసోబు మెరక అని రాశారు. రాసినచోట సత్యవేదంగారు వంగి చూసి తల ఊపాడు. అప్పుడు మొత్తం మొదటినుంచి చివరిదాకా మళ్ళీ చదివించుకుని, మరియమ్మ వేలు వేసింది. వెనకాల ప్రభావతి తనదీ అలాగే చదివించుకుంది. దాని వెనక సీమోను. అబ్బులు వంతు వచ్చేసరికి కరణంగారు అడగకుండానే చదివేశారు.

పక్క వరసలో కనకరత్నమ్మగారి వంతు వచ్చింది. జోగారావుగారికి ప్రాణం లేచివచ్చినట్టయింది. ఇన్నేళ్ళుగా ఆవిడతో క్షణం పని. ఆవిడ లెక్క కాగితం తీసి చాపమీద పరిచి, మర్యాదగా సిరా గుడ్డ ముందుకు జరిపారు. ఆవిడ పమిట సర్దుకుని, వేలు ముందుకు చాచి, వెనక్కి తీసుకుంది.

"అందులో ఏముందో చదవండి కరణంగారూ."

"అదేమిటమ్మా! మీకు కూడానా? నామీద నమ్మకం లేదా?"

"అయ్యో, నమ్మకం లేకేమండీ! ఉందండి" అంది ఆవిడ, ఎంతో మెత్తగా. "చదవండి."

ఆవిడ వెనక రైతులు ఒక్కొక్కరే దగ్గరికి జరిగారు. ఒకరిద్దరు చేతుల్లో అప్పటికే వేలు వేసిన కాగితాలు తిరగేసి చూసుకుంటున్నారు. జోగారావుగారు కళ్ళజోడు తీసి, పైపంచెతో తుడుచుకుని, పెట్టుకుని, గొంతు సవరించుకున్నారు. మొదలుపెట్టారు.

"కాస్త గట్టిగా చదవండి బాబూ" అన్నాడు వరస చివరనుంచి ఎవరో ముసలి రైతు. "ఇక్కడికి వినపడట్లేదు."